ఆదోని బజార్లో కోటసారస్

“బొమ్మ చూపిస్తేనే నమ్ముతా!”

ఈ తీర్పు చెప్పింది ఏ హైకోర్టు జడ్జీగారో కాదు. ఆదోనిలో అయిదో క్లాసు చదువుతున్న ఒక కుర్రాడు. బోనులో నిలబడ్డవాడు నా మేనల్లుడు. ఇద్దరూ ప్రాణస్నేహితులే. తగవల్లా ఒక్కటే. మన పేరున్న డైనోసార్ ఒకటి వుందని మావాడు, లేనే లేదని వాడు. పందెం కట్టుకున్నారు. ఓడినవాడు గెలిచినవాణ్ణి ఈసారి రాబోయే డైనోసార్ సినిమాకి తీసుకెళ్ళాలి. ఇంటర్వెల్‌లో పఫ్ కూడా ఇప్పించాలి.

ఈ గొడవకి మూలపురుషుణ్ణి నేనే. వేసవి సెలవులకి మావాడు హైదరాబాదు వచ్చినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడి పెద్ద అస్థిపంజరం ముందు నిలబెట్టి, “ఇదిరా మన డైనోసార్. పేరు కోటసారస్” అని గొప్పగా చెప్పాను. వాడు ఆదోని చేరగానే వీధి వీధంతా చాటింపు వేశాడు. ఫోటో చూపిస్తే అవతలివాడు, “పో లే! ఫోటోలు ఫోన్లో ఎవరైనా చేస్తారు” అన్నాడట. మావాడు ఫోన్లో ఒకటే పాట: “మామా, బొమ్మ తే. లేకపోతే నా పరువు పాయె.”

మేనల్లుడి పరువంటే మేనమామ పరువే కదండీ! సంచీ సర్దుకుని రైలెక్కాను.

రెండో బొంబాయిలో వేట

రాయచూరు దాటి, మంత్రాలయం రోడ్డు దాటి, తెల్లవారుజామున ఆదోనిలో దిగితే ముందు కనిపించేవి బండలు. కొండ మీద కొండ పేర్చినట్టు, ఎవడో రాక్షసుడు గోళీలాడి వదిలేసినట్టు వుంటాయి. ఆ బండల మధ్యనే పాత కోట. డైనోసార్ సినిమాకి ఇంతకన్నా మంచి లొకేషన్ దొరకదనిపించింది. కానీ ఒక చిక్కుంది. ఈ గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు పుట్టి 23 కోట్ల ఏళ్ళే. అంటే అవి పుట్టేనాటికే ఈ కొండలు ముసలివి. ఇక్కడెంత తవ్వినా డైనోసార్ ఎముక ఒక్కటీ దొరకదు.

సరే, ఎముక దొరకకపోతేనేం, బొమ్మ దొరకదా? పత్తి మార్కెట్టుకీ, జిన్నింగు మిల్లులకీ, బట్టల కొట్లకీ, బంగారం కొట్లకీ పేరుపడ్డ ఊరు. “రెండో బొంబాయి” అని ముద్దుగా పిలుచుకుంటారు. అక్క పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కడుపారా తిని, మావాణ్ణి వెంటబెట్టుకుని బజార్లో పడ్డాను.

మొదటి కొట్టులో గోడ నిండా డైనోసార్లే. టీ-రెక్సులు, రాప్టర్లు, బ్యాటరీ వేస్తే కళ్ళెర్రజేసి అరిచేవి, నోట్లోంచి పొగ వదిలేవి. వాటన్నిటి మధ్యా తెల్లగా, పొడవైన చేతులతో, గోళ్ళు చాచి నిలబడ్డది ఒకటుంది.

“దీని పేరేంటి?” అన్నాను.

కొట్టాయన జవాబు చెప్పేలోపే మావాడందుకున్నాడు. “ఇండియా మైనస్ రెక్స్!”

నవ్వాపుకోలేకపోయాను. 2015లో వచ్చిన ‘జురాసిక్ వరల్డ్’ చూసినవాళ్ళకి గుర్తుండే వుంటుంది. దాని పేరు ఇండోమినస్ రెక్స్. లొంగని రాజు అని అర్థం వచ్చేలా కూర్చిన పేరు. ఆ జంతువు భూమ్మీద ఎప్పుడూ లేదు. సినిమావాళ్ళు కల్పించారు. అయితే మావాడు తప్పు పలికి కూడా నిజం చెప్పాడేమోననిపించింది. గోడ మీద అన్ని వున్నాయి గాని, ఇండియా మాత్రం మైనస్సే!

“కోటసారస్ వుందా?” అనడిగాను.

“అదేం సినిమాలో వచ్చింది సార్?”

“సినిమాలో రాలేదు.”

“అట్లయితే బొమ్మ యాడ వస్తాది సార్?” అన్నాడాయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. పెట్టె తిప్పి చూపించి, “మీరు అనుమానపడాల్సిన పన్లేదు. ఐ.ఎస్.ఐ. గుర్తుండాది” అని కూడా అన్నాడు. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి. ఆయనకి తెలియని సంగతేమిటంటే, ఐ.ఎస్.ఐ. పేరుతో ఏకంగా ఒక డైనోసారే వుంది! అదెలాగో తర్వాత చెబుతాను.

పేరు పెట్టిన ఘనులు

‘జురాసిక్ వరల్డ్’లోనే ఒక సన్నివేశం వుంది. ఇండోమినస్ అనే పేరు విని హీరో నవ్వుతాడు. హీరోయిన్ సమాధానం ఏమిటంటే, పేరు భయపెట్టాలి, పిల్లల నోరు తిరగాలి. ఆర్కియోర్నితోమిమస్ అని నాలుగేళ్ళ పిల్లాణ్ణి పలకమంటే ఏమవుతుంది అని. అదే సినిమాలో ఇంకో కుర్రాడు ఇంకా ఎత్తిపొడుస్తాడు. ఎలాగూ కంపెనీలు స్పాన్సర్ చేస్తున్నాయి కదా, డైనోసార్లకి కూడా పెప్సీసారస్ అని పెట్టెయ్యండి అంటాడు. అన్నట్టు, ఆ పార్కు యజమానిగా వేసింది మన ఇర్ఫాన్ ఖాన్. 2006లో మహేష్‌బాబు ‘సైనికుడు’లో విలన్‌గా చేశాడే, ఆయనే. కథలో పార్కు ఇండియావాడిదే. డైనోసార్లలో మాత్రం ఇండియాది లేదు!

సినిమాకీ, బొమ్మకీ, పేరుకీ వున్న బంధుత్వం ఈనాటిది కాదు. జపానువాళ్ళు 1954లో గాడ్జిల్లాని సృష్టించినప్పుడు దానికి ‘గోజిరా’ అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో గొరిల్లాకీ, తిమింగలానికీ వున్న పేర్లను కలిపి కుట్టిన పేరది. 1993లో స్పీల్‌బర్గ్ ‘జురాసిక్ పార్క్’ వచ్చింది. మరుసటి ఏడు హిందీ మాటలతో మన దేశమంతా ఊపేసింది. ఆ సినిమా బొమ్మలు చేసింది అమెరికాలో కెన్నర్ అనే కంపెనీ. అప్పటి ప్రచార వాక్యం చూడండి: జురాసిక్ పార్క్‌ది కాకపోతే అది అంతరించిపోయినట్టే, అని! మా ఆదోని కుర్రాడి తీర్పుకీ దీనికీ ఏమైనా తేడా వుందా?

ఆ కంపెనీయే 1998లో ఇంకో అడుగు ముందుకేసింది. రెండు జంతువుల్ని అతికి, పేర్లని కూడా అతికి బొమ్మలు వదిలింది. వెలోసిరాప్టర్‌కి ఆర్కియోప్టెరిక్స్‌ని కలిపి ‘వెలోసిరాప్టెరిక్స్’ అంది. అంటే తెర మీద ఇండోమినస్ పుట్టడానికి 17 ఏళ్ళ ముందే బొమ్మల కొట్లో కల్తీ డైనోసార్లు పుట్టేశాయన్నమాట. 2025లో వచ్చిన ‘జురాసిక్ వరల్డ్: రీబర్త్’లో డిస్టోర్టస్ రెక్స్, మ్యూటడాన్ అని మరో రెండు చేరాయి. వాటికీ బొమ్మలొచ్చాయి.

శాస్త్రవేత్తలు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్ళకీ సినిమా పిచ్చి వుంది. అమెరికాలో దొరికిన ఒక నిజమైన డైనోసార్‌కి 1997లో ‘గోజిరాసారస్’ అని పేరు పెట్టారు. చైనాలో దొరికిన మరోదాని కథ ఇంకా తమాషాగా వుంటుంది. దాని పేరులో రెండో మాట ‘నెడెగోఏపెఫెరిమా’. ఇదేం మంత్రమా అనుకుంటున్నారా? నీల్, డెర్న్, గోల్డ్‌బ్లమ్, ఆటెన్‌బరో... ఇలా ‘జురాసిక్ పార్క్’ తారాగణం ఇంటిపేర్లలోని మొదటి అక్షరాల్ని వరసగా పేర్చిందది! చైనాలో డైనోసార్ల పరిశోధనకి స్పీల్‌బర్గ్ డబ్బు సాయం చేసినందుకు కృతజ్ఞత. టైటిల్ కార్డు మొత్తం జంతువు మీద వేసేశారు.

మన టైటిల్స్ ఏవి?

ఇంతకీ మనకేమైనా వున్నాయా అంటే, బోలెడున్నాయి. మన భాషలో డైనోసార్‌ని రాక్షసిబల్లి అంటాం. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు ఆయన గ్రీకు మాటలు కలిపి ‘డైనోసార్’ అన్నదానికీ అర్థం దాదాపు ఇదే, భయంకరమైన బల్లి అని. ఆ రాక్షసిబల్లులు కొన్ని మన గోదావరి, ప్రాణహిత లోయలోనే తిరిగాయి.

మావాడికి చూపించిన కోటసారస్ ఎముకలు దొరికింది పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. దాని పూర్తి పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన పి. యాదగిరిగారు 1988లో ఆ పేరు పెట్టారు. ఇంటిపేరు అక్కడి కోటా రాతిపొరలది, ఒంటిపేరు మన పల్లెది. అచ్చంగా మనవాళ్ళ పేర్ల పద్ధతే!

దానికి అన్నలాంటిది బారాపాసారస్ టాగోరీ. 1975లో పేరు పెట్టారు. ప్రాణహిత ఆవలి ఒడ్డున, సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర దొరికింది. చీరల పోచంపల్లి కాదు సుమా! ‘బారా పా’ అంటే పెద్ద కాలు. దొరికిన తొడ ఎముకే ఒక మనిషంత పొడవుంది మరి. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రనాథ టాగోర్ శతజయంతి సంవత్సరం, అందుకని ఆయన పేరు. తవ్వినవాళ్ళు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు. అంటే ఐ.ఎస్.ఐ.! మహారాష్ట్రలో వాళ్ళకి దొరికిన మరో డైనోసార్‌ని 2003 నుంచి ‘ఐసిసారస్’ అంటున్నారు. కొట్టాయన చూపించిన గుర్తు వేరు, ఈ ఐ.ఎస్.ఐ. వేరు. అక్షరాలు మాత్రం అవే.

మాలేరి ఊరిది ఇంకో కథ. ఛాంబర్లో ఒకరు రిజిస్టర్ చేసిన టైటిల్‌ని ఇంకొకరు పెట్టుకోగూడదని మీకు తెలుసు కదా. జంతువుల పేర్లకీ అదే రూలు. 1987లో మాలేరి డైనోసార్‌కి ‘వాకేరియా మాలేరియెన్సిస్’ అని పెట్టారు, అలిక్ వాకర్ అనే శాస్త్రవేత్త మీద గౌరవంతో. తీరా చూస్తే ఆ టైటిల్ అప్పటికే సముద్రంలో నాచులా పెరిగే ఒక చిన్న ప్రాణి రిజిస్టర్ చేసుకుని కూర్చుంది! చేసేది లేక 1994లో ‘అల్‌వాకేరియా’ అని మార్చారు. మాలేరి మాత్రం పోలేదు. 2025లో అదే ఊరి పేరుతో ‘మాలేరిరాప్టర్’ కూడా వచ్చింది.

జక్లాపల్లి పేరుతో జక్లాపల్లిసారస్, నంబాల పేరుతో నంబాలియా 2011లో వచ్చాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది ప్రధానియా. 2007లో పెట్టారు. ధుయ్యా ప్రధాన్ అని, ఎండల్లో తిరిగి శాస్త్రవేత్తలకి ఎముకలు వెతికిపెట్టిన మనిషి పేరది. లైట్‌బాయ్ పేరు హీరో పేరుకన్నా ముందు వేసినట్టు లేదూ!

ఇంకో విషయం వింటే మీరు నవ్వుతారు. ‘జురాసిక్ పార్క్’ హీరోలైన టీ-రెక్స్, వెలోసిరాప్టర్ అసలు జురాసిక్ కాలంవే కావు. ఆ తర్వాతి క్రెటేషియస్ కాలంవి. నిజంగా జురాసిక్ కాలంలో బతికినవి మన కోటసారస్, బారాపాసారస్‌లు. పేరు వాళ్ళది, పారితోషికం వీళ్ళది!

మరి మనవి స్టార్లు ఎందుకు కాలేదు? నాకు తోచిన కారణం చెబుతాను. కోటసారస్ ఎముకలు బోలెడు దొరికాయి. కనీసం పన్నెండు జంతువులవి. కానీ తల దొరకలేదు, రెండు పళ్ళు తప్ప. బారాపాసారస్‌కీ అంతే, పళ్ళే మిగిలాయి. క్లోజప్ లేని హీరోని ఏ నిర్మాత బుక్ చేస్తాడు చెప్పండి?

ఎమ్మిగనూరు జాతరలో

ఆదోనిలో నాలుగు కొట్లు తిరిగాం. కోటసారస్ లేదు. మావాడి మొహం వాడిపోయింది. “ఎమ్మిగనూరు జాతర నడుస్తాంది, అక్కడ చూడండి. అన్నీ వస్తాయి” అన్నాడు బావ. ఏటా జనవరి ప్రాంతంలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర అది. బస్సెక్కితే గంటలోపు ప్రయాణం.

ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఊరు. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివాళ్ళకి సహకార సంఘం పెట్టి, మగ్గం నమ్ముకున్నవాళ్ళకి నీడ చూపించారు. 1954లో పద్మశ్రీ కూడా వచ్చింది ఆయనకి. ఊరి పేరే సరుకుకి గుర్తింపు తెస్తుందని ఈ ఊరివాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

జాతర సంగతి చెప్పేదేముంది! ఒకవైపు కోడెలు, ఎడ్లు, వాటి మెడల్లో గంటలు. ఇంకోవైపు రంగులరాట్నం, బొరుగులు, గాజులు, బత్తాసలు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసిన బేరాలు. ఒక టార్పాలిన్ పట్టా మీద ప్లాస్టిక్ డైనోసార్లు కుప్పగా పోసుకుని కూర్చున్నాడు ఒకాయన.

“ఏం కావాల అన్నా? పొడుగుమెడదా, కొమ్ములదా, ముండ్లదా, కరిచేదా?”

నేను నిలబడిపోయాను. పెట్టె మీద పేరు లేదు, సినిమా పోస్టరు లేదు. ఈయన తనకి తానే పేర్లు పెట్టుకున్నాడు. ఆలోచిస్తే శాస్త్రవేత్తలు చేసిందీ ఇదేగా! ట్రైసెరటాప్స్ అంటే మూడు కొమ్ముల మొహం. బారాపా అంటే పెద్ద కాలు. గ్రీకులో చెబితే శాస్త్రం, ఎమ్మిగనూరులో చెబితే బేరమూనా?

పక్కన కూర్చుని కోటసారస్ కథంతా చెప్పాను. యామన్‌పల్లి, యాదగిరిగారు, టాగోర్, పెద్దకాలు. ఆయన బీడీ ఆర్పి శ్రద్ధగా విన్నాడు. చివర్లో ఒకటే ప్రశ్న వేశాడు.

“అది గడ్డి తింటాదా, మాంసం తింటాదా?”

“ఆకులలములే.”

“మెడ పొడుగేనా?”

“పొడుగే.”

“అట్లయితే ఇదే కదప్పా!” అని కుప్పలోంచి ఆకుపచ్చ పొడుగుమెడ బొమ్మ తీసి నా చేతిలో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, అది కోటసారస్ కాదు. ముందుకాళ్ళు ఎత్తుగా, వెనక కాళ్ళు పొట్టిగా వుంటే అది అమెరికా బ్రాకియోసారస్ పోలిక. నాకు తెలుసు. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

“రండి, రండి! కోటసారస్! మన దేశం డైనోసారు! హైదరాబాదులో ఎముకలుండాయి! నూటాయాభై, నూటాయాభై!”

పది నిమిషాల్లో మూడు అమ్ముడుపోయాయి. ఒక తల్లి కూతురికి కొనిపెడుతూ, “ఏం పేరన్నాడే?” అనడిగింది. ఆ పిల్ల “కోటసారస్” అంది తడుముకోకుండా. ఆర్కియోర్నితోమిమస్ పలకడం కష్టమన్న హీరోయిన్‌గారు ఆ పిల్లని చూస్తే బాగుండేది.

నాకు మాత్రం మనసులో ముల్లు. విలేకరిని, నిజం చెప్పాల్సినవాణ్ణి. జంతువు నిజం, పేరు నిజం, బొమ్మ మాత్రం వేరేదాని మీద వేసిన వేషం. ఇండోమినస్‌ని వెక్కిరించిన నేను చేసిందేమిటి? మరో ఆలోచన కూడా వచ్చింది. కొండపల్లిలో పొణికి చెక్క వుంది, ఏటికొప్పాకలో లక్క రంగులున్నాయి. దశావతారాలు, ఏనుగు అంబారీలు చెక్కిన చేతులు అస్థిపంజరాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక్క కోటసారస్‌ని చెక్కలేవా? అలా చేసినరోజున జాతర పట్టా మీద అబద్ధం చెప్పాల్సిన పని మాలాంటివాళ్ళకి వుండదు.

తల సంగతి

రాత్రి ఆదోని చేరాం. పంచాయతీ అక్క ఇంటి అరుగు మీద పెట్టారు. అవతలి కుర్రాడు వచ్చాడు, తోడుగా మరో నలుగురు. మావాడు సంచీలోంచి బొమ్మ తీశాడు. అందరూ చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. నేను వుండబట్టలేక, “ఒరేయ్, ఇది అచ్చం అదే కాదు. కాళ్ళలో తేడా వుంది” అని ఒప్పేసుకున్నాను.

పందెం పోయిందనుకున్నా. అవతలి కుర్రాడు కాళ్ళని పట్టించుకోలేదు. బొమ్మ మెడ చివర వేలు పెట్టి అడిగాడు.

“మామా, దానికి తల దొరకలేదని వీడే చెప్పినాడు. మరి దీనికి తల యాణ్ణుంచి వచ్చె?”

అరుగు మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. బొమ్మ చూపిస్తేనే నమ్ముతానన్నవాడు, బొమ్మ చేతికిచ్చాక బొమ్మనే అనుమానిస్తున్నాడు! నాకైతే వాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

“ఊహించి పెట్టారురా. మ్యూజియంలో వున్న తల కూడా ఊహే. దాని చుట్టాలకి ఎట్లా వుంటుందో చూసి చేశారు” అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. “అంటే తల వుండాది, ఇంకా దొరకలేదు అంతే. పెద్దయినాక యామన్‌పల్లికి పోయి నేను తవ్వుతా” అన్నాడు.

“నేను చెప్పింటేనే కదా నీకు తెలిసింది, నేనూ వస్తా!” అన్నాడు మావాడు.

పందెం సంగతి ఇద్దరూ మర్చిపోయారు. టికెట్లు నాకే తగిలాయి, పఫ్‌లతో సహా. పొద్దున రైలుకి బయల్దేరుతుంటే గూట్లో బొమ్మ కనిపించింది. పొట్ట కింద స్కెచ్ పెన్నుతో వంకర అక్షరాలు. ఒక చేతివ్రాత మావాడిది, రెండోది వాడి స్నేహితుడిది.

“కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్.”

దాని కింద, “తల మాత్రం డూపు.”